ఐసు అరలోకి వెళ్లిన ఫ్లూ టీకా: ఒక మెడికల్ షాపు కేసు

నల్లగొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే పొలాల మధ్య ఉన్న ఒక పట్టణంలో పందొమ్మిదేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. రిజిస్టర్డ్ ఫార్మసిస్టుని. ఈ కేసులో ఒక టీకా నా మాట వల్ల పాడైంది, అందుకే రాస్తున్నాను. భార్యాభర్తలిద్దరి అనుమతి తీసుకున్నాను. వాళ్లెవరో తెలియకుండా వయసులు, కొన్ని కుటుంబ వివరాలు మార్చాను. మందులు, జరిగిన వరుస మాత్రం మార్చలేదు.

నేపథ్యం

ఆయన వయసు 66. బియ్యం మిల్లులో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశారు. గుమస్తా అంటే బల్ల ముందు కూర్చునే పని అనుకుంటాం. మా వైపు మిల్లుల్లో ఆ బల్ల కాంటా పక్కనే ఉంటుంది. వడ్లు దించే లారీ దుమ్ము, ఊక, తవుడు అన్నీ ఆ బల్ల మీదుగానే పోతాయి. దానికి తోడు బీడీ. అది మానేసి ఎనిమిదేళ్లయింది కానీ అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకై ఆయాసం వదలని ఊపిరితిత్తుల జబ్బు అని ఆరేళ్ల కిందట తేలింది. పన్నెండేళ్లుగా షుగరు ఉంది, మాత్రలతో నడుస్తోంది. రోజూ పీల్చే పంపు, గుండె కోసం 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్. మందులన్నీ మా దగ్గరే తీసుకుంటారు కాబట్టి ఆయన ఆరోగ్యం సంగతులు నాకు సుమారుగా తెలుసు.

2025 ఫిబ్రవరిలో జ్వరం, ఆయాసంతో నల్లగొండలో ఒక ఆసుపత్రిలో ఆరు రోజులు ఉన్నారు. గొంతు నుంచి తీసిన నమూనాలో ఇన్‌ఫ్లుయెంజా ఎ, అంటే ఫ్లూ క్రిమి ఉన్నట్టు తేలింది. దాని మీద న్యుమోనియా. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. డిశ్చార్జి కాగితం అడుగున, మందుల జాబితా అయిపోయాక, ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలని ఇంగ్లిషులో ఒక వరుస ఉంది. దాన్ని వాళ్లకు చదివి చెప్పినవారు లేరు. నేనూ ఆ కాగితాన్ని మార్చిలోనే చూశాను. పైనున్న మందులు ఇచ్చి, కాగితం మడిచి చేతిలో పెట్టి పంపేశాను. నా తప్పుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

షాపుకు వచ్చిన సమస్య

జూన్ చివర్లో ఇద్దరూ కలిసి వచ్చారు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో చెప్పాడట: ఇక్కడ మందుల షాపుకు వెళితే అక్కడే కూర్చోబెట్టి ఫ్లూ టీకా వేసి పంపుతారు, నాన్నకు కూడా వేయించమ్మా అని. ఆవిడ నా కౌంటరు ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో ఆయనను కూర్చోబెట్టి, చొక్కా చేయి భుజం దాకా మడిచి, "వెయ్యి బిడ్డా" అంది.

నవ్వు వచ్చింది. అయినా కొడుకు చెప్పింది నిజమే. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఫార్మసిస్టులు టీకాలు వేస్తారు. ఐర్లండ్‌లో 2011 నుంచి, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ పథకం కింద 2015 నుంచి ఫ్లూ టీకా మందుల షాపులోనే వేస్తున్నారు. అక్కడ వాళ్లకు సూది వేయడంలోనే కాదు, టీకా పడక మనిషి కుప్పకూలితే ఏం చేయాలో కూడా శిక్షణ ఇస్తారు. మన 1948 నాటి ఫార్మసీ చట్టం కానీ, 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు కానీ షాపులో టీకా వేసే పనిని మాకు అప్పగించలేదు. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వడం, దాన్ని చెడకుండా నిల్వ చేయడం, వాడే తీరు చెప్పడం వరకే మా పని. ఆ అధికారం రావాలని కోరుకునేవారిలో నేనూ ఒకణ్ని. కానీ ఆ శిక్షణ లేకుండా ఉత్త అధికారం ఒక్కటే ఇస్తామంటే మాత్రం వద్దంటాను.

ఆయన చొక్కా చేయి కిందికి దింపి, నేను వేయకూడదని చెప్పాను. ఆవిడకు నచ్చలేదు. "కోవిడ్ అప్పుడు బడిలో వేయలేదా? అక్కడ ఏ డాక్టరు ఉన్నాడు?" అంది. అక్కడ నర్సులు ఉన్నారని, పక్కనే అత్యవసర మందులు పెట్టుకున్నారని, వేశాక అరగంట కూర్చోబెట్టారని గుర్తుచేశాను. కూర్చోబెట్టిన సంగతి ఆవిడకు బాగానే గుర్తుంది.

తరువాత ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకా మంచిది. "ఒకసారి వచ్చి పోయింది కదా, మళ్లీ టీకా ఎందుకు?" ఆటలమ్మ లాంటి జబ్బులను చూసిన కన్నుతో చూస్తే అది సరైన అనుమానమే. ఫ్లూ క్రిమి పైతొడుగు ఏటేటా కొంత మారుతుంది, పోయినసారి జబ్బు నేర్పిన పాఠం ఈసారి వచ్చే రకానికి పూర్తిగా పనికిరాదు. ఇది చెప్పడానికి వరి విత్తనాన్ని వాడుకున్నాను. పోయినేడు తట్టుకున్న రకానికి ఈ ఏడు కొత్త తెగులు వస్తుంది, అందుకని విత్తనం మారుస్తాం కదా అన్నాను. ఆయన వెంటనే తలూపారు. ఆవిడ ఆయన తలూపడం చూసి ఊరుకుంది.

కాలం కూడా కలిసొచ్చింది. మన ప్రాంతంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువగా కనిపిస్తుంది: వానలు ముదిరినప్పటి నుంచి అక్టోబరు దాకా ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. టీకా వేశాక రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. జులైలో వేయిస్తే వానాకాలానికి అందుతుంది.

ఏ పెట్టె తెప్పించాలి

పట్టణంలోనే ఉన్న జనరల్ ఫిజీషియన్ దగ్గరకు పంపి చీటీ రాయించాను. డిశ్చార్జి కాగితంలోని వరుసను చీటీగా లెక్క వేసుకోవచ్చు కానీ అది అయిదు నెలల కిందటి మాట. ఈలోగా మనిషి ఎలా ఉన్నాడో డాక్టరు ఒకసారి చూడడం మంచిదనిపించింది.

హైదరాబాద్ డీలరుకు ఫోన్ చేస్తే వెంటనే దొరుకుతుందన్నాడు, ధర కూడా సగమే. అంత సులభంగా దొరికితే అనుమానం రావాలి. పెట్టె మీద ఏం రాసి ఉందో ఫొటో పంపమన్నాను. 2024–25 ఉత్తరార్ధగోళం అని ఉంది, గడువు కొద్ది వారాల్లో తీరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది: ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో. 2024–25 ఉత్తర టీకాలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ క్రిమికి సంబంధించిన భాగం థాయిలాండ్ రకం. 2025 దక్షిణ టీకాకు వచ్చేసరికి దాని స్థానంలో క్రొయేషియా రకం వచ్చింది. గడువు తీరనంత మాత్రాన ఆ పెట్టె మన వానాకాలానికి సరిపోదు. "ఫ్లూ ఫ్లూనే కదా సార్" అన్నాడు డీలరు. మనం ఉన్నది ఉత్తరార్ధగోళంలోనే అయినా అప్పటికి దొరికే టీకాల్లో కొత్తది దక్షిణానిదే, అందుకని 2025 దక్షిణార్ధగోళం పెట్టె కావాలన్నాను. ఆరు రోజులు ఆగాల్సి వచ్చింది.

ముందే మందు నింపి ఉన్న సిరంజి, 0.5 మిల్లీలీటరు. థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాక్‌కు, టీకాకు మధ్య అట్ట పెట్టమని చెప్పాను, పెట్టారు. విప్పగానే థర్మామీటరు 5 డిగ్రీలు చూపించింది. 2 నుంచి 8 మధ్య ఉండాలి. ఫ్రిజ్ మధ్య అరలో ఇన్సులిన్ పక్కన పెట్టాను. మా ఫ్రిజ్‌లో రోజంతటిలో ఎంత పెరిగింది, ఎంత తగ్గింది చూపే థర్మామీటరు ఉంది. పొద్దున, సాయంత్రం పుస్తకంలో రాస్తాం. కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటుంది. ఇక్కడి దాకా నా పనికి వంక పెట్టలేరు.

చెడిన చోటు

మంగళవారం సాయంత్రం ఆయన వచ్చారు. చిన్న థర్మోకోల్ పెట్టెలో గడ్డకట్టిన ప్యాక్‌ను వార్తాపత్రికలో చుట్టి పెట్టి, పైన టీకా పెట్టి, మూత మీద టేపు అంటించి చేతికిచ్చాను. క్లినిక్ మా షాపుకు పది నిమిషాల నడక. "డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి కాకా, చల్లగా ఉంచండి" అన్నాను.

డాక్టరు ఆ సాయంత్రం ఊళ్లో లేరు, పెళ్లికి వెళ్లారు. ఒక్క ఫోను చేసి ఉంటే నాకు తెలిసేది. ఆయన ఎనిమిది దాకా బల్ల మీద కూర్చుని, ఎదురుచూసి ఇంటికి వెళ్లిపోయారు. నాకు ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. వేసేసి ఉంటారులే అనుకున్నాను.

శుక్రవారం పొద్దున ఆవిడ ఆ పెట్టెను కొంగు చాటున పట్టుకొని వచ్చింది. "డాక్టరు వచ్చారట, ఇప్పుడు తీసుకుపోవచ్చా? మూడు రోజులూ చల్లగానే ఉంచాను" అని గర్వంగా చెప్పింది. ఎక్కడ ఉంచారని అడిగాను. ఫ్రిజ్ పైఅరలో, ఐసు కట్టే చోట, చింతచిగురు పొట్లాల పక్కన పెట్టిందట. కొడుకు వచ్చినప్పుడు వండడానికి ఎండాకాలంలో కోసి దాచిన చిగురు అది. చిగురు ఏడాది దాకా చెడకుండా ఉండే చోటు కదా, టీకాకు అంతకంటే మంచి చోటు ఇంట్లో ఎక్కడుంది?

ఆవిడ ఆలోచనలో తప్పు వెతకడానికి ప్రయత్నించాను, దొరకలేదు. నేను చల్లగా అన్నాను. పెట్టెలో పెట్టి ఇచ్చింది ఐసు. ఐసుతో ఇచ్చిన వస్తువును ఐసు దగ్గర పెట్టింది. గడ్డకడితే చెడిపోతుందన్న మాట నా నోటి నుంచి రాలేదు. ఆ మాట నాకు ఎంత బాగా తెలుసంటే, చెప్పాలని కూడా తోచలేదు.

దారిలో సిరంజిలోని మందు కరిగిపోయింది. వెలుతురుకు ఎత్తి చూశాను. నీళ్లలా తేటగా ఉంది. "చూడు బిడ్డా, ఏమీ కాలేదు" అంది ఆవిడ. అప్పుడే ఏదో పని మీద వచ్చి షాపులో నిలబడిన పీహెచ్‌సీ ఏఎన్‌ఎం ఒకామె, "షేక్ టెస్ట్ చేసి చూడండి సార్" అని సలహా ఇచ్చింది. పిల్లల టీకాల్లో పండిపోయిన మనిషి ఆమె. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ లాంటివి గడ్డకట్టాయన్న అనుమానం వస్తే వాటిని ఊపి నిలబెడతారు. చెడిపోయిన సీసాలో మడ్డి త్వరగా కిందికి దిగుతుంది, అదే తెలిసిపోతుంది. ఆ పరీక్ష పనిచేసేది వాటిలో అల్యూమినియం లవణం ఉంటుంది కాబట్టి. గడ్డకట్టినప్పుడు ముద్దకట్టేది ఆ లవణమే. నా చేతిలో ఉన్న ఫ్లూ టీకాలో అల్యూమినియం లేదు. ఎంత ఊపినా అది తేటగానే ఉంటుంది. చెడిపోయిందని చెప్పదు, బాగుందనీ చెప్పదు. తేటదనాన్ని నమ్మి వేయిస్తే ఆయనకు హాని జరగకపోవచ్చు. కానీ రక్షణ లేని మనిషి రక్షణ ఉందనుకొని ఏడాది గడుపుతాడు. పెట్టెలోని కాగితంలో గడ్డకడితే పారేయమని తయారీదారు స్పష్టంగా రాశాడు. పారేశాను.

డబ్బు సంగతి మిగిలింది. సుమారు 1,800 రూపాయలు. ఫ్లూ టీకా సర్కారు ఉచిత టీకాల జాబితాలో లేదు, డీలరు వెనక్కి తీసుకోడు. ఆవిడ సగం ఇస్తానంది. తీసుకోలేదు. నా ఔదార్యమేమీ లేదు అందులో. చెడగొట్టిన మాట నాది.

ఆ వారం ఇన్సులిన్ కోసం వచ్చిన ప్రతివారినీ ఇంట్లో ఎక్కడ పెడతారని అడిగాను. నలుగురు తలుపు అరలో అన్నారు, ఒకరు కుండలో పెడతామన్నారు, ఇద్దరు ఐసు అరలో. ఆ ఇద్దరిలో ఒకరికి మూడు నెలలుగా షుగరు ఎందుకు దిగడం లేదో డాక్టరుకూ అర్థం కాలేదు. అది వేరే కేసు, మరోసారి రాస్తాను.

రెండో దారి, ఎందుకు వద్దన్నాను

ఈలోగా వాళ్ల వీధిలో ఉండే ఆర్‌ఎంపీ ఒకాయన ఇంటికే వచ్చి వేస్తానన్నాడు. నాకూ ఫోన్ చేశాడు: మీరు ఇంకొకటి తెప్పించండి, నా బ్యాగులో పెట్టుకు పోతాను, పది నిమిషాల పని. ఆయన రాసే చీటీలు మా షాపుకు రావు కానీ ఆయన పంపే మనుషులు వస్తారు. కాదంటే మనసు నొచ్చుకుంటుంది. పది రోజులు ఎటూ తేల్చకుండా ఊరుకున్నాను, నిజం చెప్పాలంటే.

చివరకు నన్ను ఆపింది ఒకటే. టీకాకు ప్రాణాంతకమైన అలర్జీ రావడం చాలా అరుదు, పది లక్షల మోతాదులకు ఒకరిద్దరికి. కానీ వస్తే నిమిషాల్లో తొడ కండరంలోకి అడ్రినలిన్ వేయాలి. పెద్దవారికి అర మిల్లీగ్రాము. మీ బ్యాగులో అడ్రినలిన్ ఉందా అని అడిగాను. డెక్సా (స్టెరాయిడ్) ఉంది, అవిల్ (మామూలు అలర్జీ మందు) ఉంది అన్నాడు. అవి రెండూ అడ్రినలిన్ చేసే పని చేయలేవు. ఇంట్లో, ఆక్సిజన్ లేని చోట, ముందే ఊపిరితిత్తులు పాడైన మనిషికి ఆ పందెం ఎందుకు కాయాలి? ఆర్‌ఎంపీతో నేను పెద్దగా వాదించలేదు. డాక్టరు క్లినిక్‌లోనే వేయించమన్నారని చెప్పాను. అది నిజమే, డాక్టరు చేత ముందే అనిపించాను.

జులై మూడో వారంలో ఆయనకు దగ్గు ముదిరింది. కఫం రంగు మారింది, పంపు ఎన్నిసార్లు పీల్చినా ఆయాసం తగ్గలేదు. పంపుల అమ్మకం చూసే నాకు ముందుగా అనుమానం వచ్చింది: నెలకు ఒకటి తీసుకునే మనిషి పన్నెండు రోజులకే రెండోది అడిగారు. వెంటనే డాక్టరు దగ్గరకు పంపాను. అయిదు రోజుల స్టెరాయిడ్ మాత్రలు, యాంటీబయాటిక్ రాశారు. ఆసుపత్రిలో చేరకుండానే గట్టెక్కారు.

"ఆ సూది చెడకపోతే ఇది వచ్చేదే కాదు కదా" అంది ఆవిడ. పరీక్ష చేయించలేదు కాబట్టి అది ఫ్లూ అవునో కాదో చెప్పలేను. ఆ మాటే చెప్పాను. ఆవిడ ముఖం చూస్తే నన్ను క్షమించలేదని తెలిసింది.

ఇక టీకా ఎప్పుడు? ఒళ్లు కాస్త వెచ్చబడినా, ముక్కు కారుతున్నా ఆపనక్కరలేదు. జ్వరంతో, ఆయాసంతో మంచాన పడ్డప్పుడు మాత్రం ఆగాలి. లేకపోతే వచ్చే జ్వరం జబ్బుదో టీకాదో తేల్చలేం. ఇది చచ్చిన క్రిమితో చేసిన టీకా కాబట్టి అయిదు రోజుల స్టెరాయిడ్ అడ్డు కాదు. డాక్టరు, నేను మాట్లాడుకొని ఆగస్టులో రెండో శనివారం అనుకున్నాం.

పనిచేసిన పద్ధతి

ఒక్కరి కోసం ఇంత తిరిగే బదులు పదిమందిని కూడగడితే అన్నది డాక్టరు మాట. షాపు పుస్తకంలో నుంచి సీఓపీడీ, షుగరు, గుండె జబ్బు ఉన్న అరవై దాటినవాళ్లను 23 మందిని ఏరాను. ఫోన్ చేసి చెబితే ఎనిమిది మంది సరేనన్నారు. ధర విని వద్దన్నవాళ్లే ఎక్కువ, వాళ్లను తప్పుపట్టలేను.

పనులు పంచుకున్నాం. చూసి రాసేది డాక్టరు. వేసేది క్లినిక్ నర్సు. సూది దాకా వచ్చే దారి, సూది తరువాత వచ్చే ప్రశ్నలు నావి. టీకా ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ శనివారం పెట్టె నేనే మోసుకెళ్లాను.

పెట్టెలో పెట్టే నీళ్ల ప్యాక్‌ల సంగతి ఒకటి చెప్పాలి. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాక్ సున్నా కంటే చాలా కిందన ఉంటుంది. అలాగే పెడితే టీకాను అదే గడ్డకట్టిస్తుంది. మంగళవారం నేను వార్తాపత్రిక చుట్టి ఇచ్చిన ప్యాక్ కూడా అలాంటిదే. ఆవిడ ఐసు అరలో పెట్టకముందే నా పెట్టెలోనే సగం చెడి ఉండవచ్చు, ఎవరికి తెలుసు! ఇప్పుడు ప్యాక్‌లను బల్ల మీద పరుస్తాను. పైన చెమట పట్టాలి, చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినపడాలి. అప్పుడే పెట్టెలోకి. మా కుర్రాడికి ఇదొక ఆట అయింది, కొబ్బరికాయను ఊపి చూసినట్టు ఊపుతాడు.

క్లినిక్ వరండాలో ఒక్కొక్కరినీ అడిగాను: ఇవాళ జ్వరం ఉందా, ఇంతకుముందు ఏ టీకాకైనా గొంతు వాచి ఊపిరాడకపోవడం జరిగిందా, ఫ్లూ టీకా తరువాత ఆరు వారాల్లోపు కాళ్లు చేతులు చచ్చుబడ్డాయా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా. కోడిగుడ్డు పడదన్న ఒకావిడ వెళ్లిపోబోయింది. గుడ్డు పడకపోవడం ఈ టీకాకు ఇప్పుడు అడ్డంకి కాదని డాక్టరు చేత చెప్పించాను, వేయించుకుంది. ఆస్పిరిన్ వాడుతున్న మా గుమస్తాగారికి సూది తీశాక రెండు నిమిషాలు దూదితో గట్టిగా నొక్కి పట్టమని నర్సుకు చెప్పాను. ఆమె భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్లు కిందికి కొలిచి వేసింది. మరీ పైకి వేస్తే కీలులోకి పోయి నెలల తరబడి భుజం నొప్పి పెడుతుంది. సూది అంటే చేతిలో ఎక్కడ పొడిచినా ఒకటేననుకునే మనకు అదొక మంచి దృశ్యం.

అడ్రినలిన్ ఆంపూల్, సిరంజి ట్రేలో కనపడేలా పెట్టాం. అందరూ అరగంట కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. బ్యాచ్ నంబరు, తేదీ రాసిన తెలుగు కార్డు చేతికిచ్చాను. వెనకవైపు నాలుగు మాటలు: చేయి నొప్పి, ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం రెండు రోజులు ఉండవచ్చు, మూడో రోజుకు తగ్గకపోతే ఫోన్ చేయండి.

మూడో రోజు నేనే ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తింది. ఆయనకు మొదటి రాత్రి ఒళ్లు వెచ్చబడిందట, చేయి ఎత్తలేకపోయారట. కంగారు పడ్డారా అని అడిగితే, "ఎందుకు? కార్డు మీద రాసిందే వచ్చింది" అంది. ఎనిమిది మందిలో అయిదుగురి ఇంట్లో ఇదే కథ. ముందు చెప్పకపోతే ఈ అయిదిళ్ల నుంచే సూది వికటించిందన్న మాట పుట్టి ఊరంతా తిరిగేది.

అక్టోబరులో తగిలిన దెబ్బ

వానాకాలం కోతలు మొదలయ్యాయి, రోడ్ల మీద వడ్లు ఆరబోశారు, పట్టణం నిండా దుమ్ము. ఆయనకు ముక్కు కారడం, తుమ్ములు, గొంతు నొప్పి. ఆవిడ కౌంటరు దగ్గరకు వచ్చి, నలుగురూ వింటుండగా, "సూది వేసుకుంటే ఇక ఆసుపత్రి ముఖం చూడరన్నావు, మరి ఇదేమిటి?" అంది.

అన్నాను. ఆగస్టులో ఫోన్లు చేసేటప్పుడు, పదిహేనోసారి ధర విని కాదనిపించుకున్న చిరాకులో, ఆ మాట వాడాను. ఎందుకు తప్పో నాకు తెలుసు. టీకాలోని రకాలు ఊళ్లో తిరిగే రకాలతో బాగా కలిసిన ఏడాదిలో కూడా అది డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినంత ఫ్లూ వచ్చే అవకాశాన్ని 40 నుంచి 60 శాతం వరకే తగ్గిస్తుంది. పెద్ద వయసులో ఇంకా తక్కువ. అసలు లాభం వేరే ఉంది: వచ్చినా ఆక్సిజన్ దాకా పోకుండా ఆపే అవకాశం. జలుబు తెచ్చే వందల క్రిములకు ఈ టీకాతో సంబంధమే లేదు. ఇదంతా అక్కడే నిలబడి చెప్పాను, ఆ మాట అనకూడదని కూడా చెప్పాను. నలుగురి ముందు ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. ఆ నలుగురిలో ఒకరు అప్పటి నుంచి నా దగ్గర మందు కొనేముందు, "ఇది నిజంగా తగ్గిస్తుందా, లేక సూది లాంటిదా?" అని అడుగుతారు.

ఇప్పుడు మార్చినవి

"చల్లగా ఉంచండి" అన్న మాట మా షాపులో నిషేధం. ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు "ఫ్రిజ్ మధ్య అరలో, ఐసుకు దూరంగా, గడ్డకడితే పారేయండి" అంటాం. అన్నాక, ఇంటికి వెళ్లి ఎక్కడ పెడతారో మీరు చెప్పండి అని అడుగుతాం. సగం మంది మొదటిసారి తప్పే చెబుతారు. ఫ్లూ టీకా అయితే చేతికి ఇవ్వనే ఇవ్వను. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఇద్దరు తీసుకుపోతామని పట్టుబట్టారు. నలభై కిలోమీటర్లు బస్సులో ఆ సిరంజి ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి ఇవ్వలేదు. వాళ్లు మరో షాపులో కొనుక్కొని ఉంటారు. ఆ విషయంలో నేను చేసింది సరైనదేనా అని ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు. డిశ్చార్జి కాగితాలను మాత్రం అడుగు వరుస దాకా చదువుతున్నాను.

ఆ చలికాలం ఆయన ఆసుపత్రిలో చేరలేదు. ఒక మనిషి, ఒక చలికాలం. అది టీకా వల్లే అని రాయలేను. ఆవిడ వయసు 61, జబ్బులేవీ లేవు. ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి ఈసారి మీరూ వేయించుకోండి చిన్నమ్మా అని అడిగాను. నాకేం రోగం అంది. కొత్త జాబితాలో ఆయన పేరు పెన్నుతో, ఆవిడ పేరు పెన్సిలుతో రాసి ఉంచాను.

మొన్న వచ్చి పాత థర్మోకోల్ పెట్టె కౌంటరు మీద పెట్టింది. మూత తీస్తే లోపల చింతచిగురు పొట్లం, రాయిలా గడ్డకట్టి ఉంది. "ఇది ఐసులోనే పెట్టాలి బిడ్డా" అంది.